ఇచ్చేసిన సైకిల్

మా వంటింట్లో ఉన్న కత్తిపీటని మేము గార్డు గారి కత్తిపీట అంటాం. ఆ గార్డు గారు రిటైరై పలాస దగ్గర తమ ఊరికి వెళ్ళిపోయినప్పుడు నేనింకా గౌన్లు వేసుకుంటున్నాను. ఆయన మొహం గుర్తు లేదు. వాళ్ళావిడ మొహం సగమే గుర్తు, అదీ ముక్కుపుడక ఉన్న వైపు. అయినా ఇన్నేళ్ళుగా ఆ కత్తిపీట ముందు కూర్చున్నప్పుడల్లా ఆ సగం మొహం ఒకసారి వచ్చి పోతుంది. ఉల్లిపాయలు తరిగేటప్పుడు మరీను.

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పెరిగిన మా తెలుగువాళ్ళందరి ఇళ్ళలోనూ ఇలాంటి సామాను ఉంటుంది. ఎవరైనా ఊరు విడిచి వెళ్తున్నారంటే, ముందు రోజు వరండాలో చాప పరిచి, పట్టుకెళ్ళని సామానంతా దాని మీద పెట్టేవారు. లైనులోని ప్రతి ఇంటి నుంచీ ఒకరు వచ్చి ఒక్కో వస్తువు తీసుకోవాలి. డబ్బు మాట ఎత్తకూడదు. వద్దనకూడదు. తీసుకుంటూ "వాడుకుంటూ తలుచుకుంటాం" అనాలి. అది అయిందంటే ఇక ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు. రైలెక్కేదాకా టిఫిను ఒకరింట్లో, భోజనం ఇంకొకరింట్లో. ఆ సామాను పంచే తంతుని పంపకం అనేవాళ్ళం. పెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకుంటుంటే, ఎవరింట్లో కోడికూర ఉడుకుతోందా అని మేము ముక్కులు ఎగబీలుస్తూ తిరిగేవాళ్ళం. ఎంత బాగుండేవి ఆ రోజులు! ఇప్పుడు తలుచుకుంటే ఆ కూర వాసనా, కన్నీళ్ళూ కలిసే గుర్తొస్తాయి.

పంపకంలో ఇచ్చిన వస్తువు తిరిగి తీసుకున్న ఇల్లు నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు, ఆ చలికాలం దాకా.

మా ఆయన కంట్రోలు ఆఫీసులో పని చేసి రిటైరయ్యారు. ఏ బండిని ఎక్కడ ఆపాలి, దేన్ని ముందు వదలాలి అని ఫోన్లలో అరవడం ఆయన ఉద్యోగం. ఉద్యోగం పోయినా అరుపు పోలేదు. క్వార్టరు వదిలాక ప్రేమ్ బజార్ వెనక సందులో ఇల్లు కట్టుకున్నాం. సందులో సగం ఇళ్ళు మాలాంటి రైల్వే తెలుగువాళ్ళవే. మేడ మీద రెండు గదులు పెద్ద కాలేజీలో చదువుకునేవాళ్ళకి అద్దెకిస్తాం.

కొన్నేళ్ళ కిందట ఆ గదుల్లోకి అఫ్ఘానిస్తాన్ నుంచి ఒక అమ్మాయి దిగింది, పరిశోధన చేయడానికి. చంకలో అప్పుడప్పుడే అడుగులు నేర్చిన కూతురు. భర్త కాబూల్లోనే ఉండిపోయాడు. అక్కడ అమెరికా వాళ్ళ దగ్గర దుబాసీ ఉద్యోగం అతనిది.

ఎదురింటి వదిన, ఆవిడ భర్త వర్క్‌షాపులో ఫిట్టరుగా పని చేసి పోయారు, వార్త తెలిసిన గంటలో మా గుమ్మంలో ఉంది. "ఓలమ్మో! అఫ్గానోళ్ళేటి వదినా? మీకు మతి గానీ పోనాదేటి?" అని దెబ్బలాడి వెళ్ళింది. నెల తిరక్కుండా ఆ వదినే పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఇడ్లీ తుంపి పెడుతోంది. నేను అడిగితే, "నీకేటి బాద? నా ఇడ్లీ, నా ఒడి" అంది.

వాళ్ళు వచ్చిన కొద్ది నెలలకే అక్కడి ప్రభుత్వం కూలిపోయింది. టీవీలో విమానాల వెనక జనం పరిగెత్తడం అందరూ చూశారు. మేము మాత్రం ఆ జనంలో ఒక మనిషి కోసం వెతుకుతూ చూశాం. ఆ అమ్మాయి మేడ మెట్ల మీద ఫోను పట్టుకుని కూర్చుని ఉండేది. ఏ పూట చూసినా అక్కడే. చివరికి అతను ఒక విమానం ఎక్కాడనీ, ప్రాణాలతో ఉన్నాడనీ కబురొచ్చిన రోజు ఆమె కిందికి దిగి వచ్చి నన్ను వాటేసుకుని ఏడ్చింది. మా ఆయన ఏం చేయాలో తెలియక వంటింట్లోకి పోయి అందరికీ టీ పెట్టారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన పెట్టిన టీ అదే మొదటిది, పంచదార మరిచిపోయారు.

అతను అమెరికాలో మంచు పడే ఒక ఊళ్ళో తేలాడు. అక్కడి వాళ్ళు ఆశ్రయం ఇచ్చారు. భార్యాబిడ్డల్ని తెచ్చుకోవడానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. "ఇక కొన్నాళ్ళే ఆంటీ" అంది ఆ అమ్మాయి హిందీలో. ఆ కొన్నాళ్ళు సాగి సాగి ఏళ్ళయ్యాయి.

ఆ ఏళ్ళు మాకు మాత్రం బంగారం. నిజం చెప్పడానికి సిగ్గెందుకు? తల్లి పొద్దున్నే ల్యాబుకి వెళ్తే పిల్ల మా వరండాలోనే. మా ఇంట్లో మళ్ళీ చిన్న చెప్పులు, నేల మీద చిందిన పాలు, గోడల మీద పెన్సిలు గీతలు. తండ్రి భాష ఫోనులో, బెంగాలీ సందులో, తెలుగు మా దగ్గర. దాని తెలుగు వినాలి! శ్రీకాకుళంలో పుట్టి పెరిగిన ముసలమ్మ మాట్లాడినట్టు, "ఏటి అమ్మమ్మా, ఇయ్యాల సేపలేటి?" అని నడుం మీద చెయ్యి పెట్టుకుని అడిగేది. బళ్ళో టీచరమ్మ, తెలుగావిడే, ఒకరోజు నన్ను పిలిచి, "గుంటకి కాస్త మంచి తెలుగు నేర్పించొచ్చు కదండీ" అంది. ఒళ్ళు మండింది నాకు. "ఇది మంచిదే టీచర్ గారూ" అని వచ్చేశాను.

శుక్రవారాల్లో ఆ అమ్మాయి క్యారెట్టూ ఎండుద్రాక్షా వేసి పెద్ద కుక్కరులో అన్నం వండి సందంతటికీ పంచేది. క్రిస్మస్‌కి మేము రోజ్‌కుకీలు పంపేవాళ్ళం. ఆమె నమాజు మేడ మీద, మా ప్రార్థన కింద. పిల్ల రెంటికీ మధ్య మెట్ల మీద కూర్చుని ఎవరిది ముందు అయిపోతుందా అని చూసేది. ఎందుకంటే ముందు అయిపోయినవాళ్ళ దగ్గర ముందు తిండి దొరుకుతుంది.

ఒకరోజు ఆ అమ్మాయి మమ్మల్ని అడిగింది, మీరు ఈ బెంగాల్‌కి ఎలా వచ్చారు అని. మా తాత కథ చెప్పాను. రైల్వేలో పని ఉందని ఒక మేస్త్రీ చెబితే, పంచె, చెంబు, దుప్పటి పట్టుకుని రైలెక్కి వచ్చి వర్క్‌షాపులో చేరాడు. "మరి కాగితాలు ఎవరూ అడగలేదా?" అంది. అడిగితే మా తాత ఏం చూపించేవాడు పాపం, అరచేతుల్లో కాసిన కాయలు తప్ప? ఆమె నవ్వింది గానీ, ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

పిల్లకి అయిదో ఏడు వచ్చినప్పుడు మా ఆయన గోల్ బజారులో ఒక పాత సైకిల్ కొని, ఎర్రరంగు వేయించి, గంట పెట్టించి తెచ్చారు. దాన్ని తొక్కించడానికి ఆయన సందులో వంగి పరిగెడుతుంటే వదిన గుమ్మంలో నిలబడి, "నడుం జాగర్త అన్నయ్యా, ఆ సైకిల్‌కి స్పేర్ పార్టులు దొరుకుతాయి, నీకు దొరకవు" అని అరిచేది. పిల్ల ఒక్కతే తొక్కిన రోజు తండ్రికి ఫోనులో చూపించాం. మర్నాడు అతను ఫోను తిప్పి, తన గది మూల నిలబెట్టిన ఒక నీలం సైకిల్ చూపించాడు. నువ్వొచ్చేసరికి సిద్ధంగా ఉంటుంది అన్నాడట. అప్పటి నుంచీ ప్రతి ఆదివారం అదే తంతు. పిల్ల మా గోడకి ఆనుకుని నిలబడుతుంది, తల్లి ఎత్తు చెబుతుంది, అక్కడ తండ్రి ఆ నీలం సైకిల్ సీటు కొంచెం ఎత్తుతాడు. ఎవరూ ఎక్కని సైకిల్ అది. పిల్లతోపాటు పెరుగుతూ ఉండేది.

అమెరికా సంగతులు మాకు అక్షరం ముక్క తెలియవు. ఆ అమ్మాయి వల్ల తెలిశాయి. ఏడాదికి ఎంతమంది శరణార్థుల్ని రానివ్వాలో అక్కడ అధ్యక్షుడే సంతకం పెట్టి తేలుస్తాడట. ఒకాయన తగ్గిస్తాడు, తరువాతి ఆయన పెంచుతాడు, ఆ తరువాత వచ్చినాయన అసలు తలుపే మూయొచ్చు. పెంచిన ఆయన కాలంలో వీళ్ళ దరఖాస్తు కదిలింది. ఢిల్లీలో అమెరికా వాళ్ళ ఆఫీసుకి పిలిచారు. వేలిముద్రలు, డాక్టరు పరీక్షలు, అడిగిందే అడగడం. పిల్లని కూడా అడిగారట, మీ నాన్న ఎవరు అని. ఇది ఫోనులో బొమ్మ చూపించి, "సైకిల్ ఉన్నాది కదా, ఆ నాన్న" అందట.

ఆ చలికాలంలో విమానం టికెట్లు వచ్చాయి.

సందంతా తిరునాళ్ళలా అయిపోయింది. ఆ అమ్మాయి ఒక్కతే భయపడుతూ ఉంది. అక్కడ ఎన్నికలు అయిపోయాయి, అధ్యక్షుడు మారబోతున్నాడు. వీళ్ళ ప్రయాణం కొత్తాయన కుర్చీ ఎక్కిన తరువాతి వారంలో పడింది. "అంకుల్, ఆయన వస్తూనే ఆపేస్తాడని అందరూ అంటున్నారు" అంది.

మా ఆయన నవ్వారు. కుర్చీ ముందుకి లాక్కుని, కంట్రోలు ఆఫీసులో కొత్తగా చేరినవాడికి చెప్పినట్టు చెప్పారు. రైల్వేలో కొత్త టైమ్‌టేబుల్ ఒక తేదీ నుంచి అమల్లోకి వస్తుంది. కానీ ముందు రోజు బయలుదేరిన బండి మర్నాడు కూడా దారిలోనే ఉంటే, అది పాత టైమింగులతోనే చివరి స్టేషను దాకా వెళ్తుంది. దాన్ని అడవి మధ్యలో నిలబెట్టి, నీ టైమ్‌టేబుల్ మారింది దిగిపోండి అనరు. "నీకు పరీక్షలయినాయి, టికెట్టు సేతికొచ్చింది. నీ బండి బయలుదేరిపోనట్టే తల్లీ. ఆయన ఏ సర్క్యులర్ ఇచ్చినా కొత్త బండ్లకే. బయలుదేరినోళ్ళని వదుల్తారు."

ఆయన జీవితమంతా అదే చూశారు. పైనుంచి ఎంత పెద్ద ఆర్డరు వచ్చినా దారిలో ఉన్నవాళ్ళని గమ్యం చేర్చాకే అమలు చేయడం. లోకం మొత్తం అలాగే నడుస్తుందనుకున్నారు. మేమూ అదే అనుకున్నాం. రైల్వేలో పుట్టి రైల్వేలో ముసలైపోయినవాళ్ళం, మాకు ఇంకోలా ఎలా తోస్తుంది?

అందుకే పంపకం ముందే పెట్టేశారు. నేను గొణిగాను. "ఎల్లే ముందు రోజు సేసుకోవచ్చు కదండీ, ఏటంత తొందర?" అంటే, "విమానం ఢిల్లీలో కదే! ముందు రైల్లో ఢిల్లీ ఎల్లాలి. ఆ అమ్మాయి ఒక్కతీ ఏటి సర్దుకుంటాది? ముందే కాళీ అయిపోతే మంచిది" అని నా నోరు మూయించారు.

మా వరండాలోనే చాప పరిచాం. అన్నం వండే కుక్కరు నాకు. దుప్పటి వదినకి. బకెట్టు, బల్ల, ఫ్యాను, ఇస్త్రీపెట్టె తలా ఒకరికి. తీసుకున్న ప్రతివాళ్ళూ "వాడుకుంటూ తలుచుకుంటాం" అన్నారు. పాస్టరు గారు వచ్చి ప్రయాణం కోసం ప్రార్థన చేశారు, ఆ అమ్మాయి అరచేతులు పైకి పట్టి కళ్ళు మూసుకుంది. ఇద్దరి దేవుళ్ళకీ ఆ పూట మా వరండాలో పని పడింది.

అన్నీ అయ్యాక పిల్ల తన ఎర్ర సైకిల్ నడిపించుకుంటూ వచ్చి చాప మీద నిలబెట్టింది. ఎవరూ అడగలేదు. ఊళ్ళోనే ఖరిదా వైపు ఉంటున్న వదిన మనవరాలు ఆ పూట వచ్చి ఉంది, దీనికంటే చిన్నది. దాని చెయ్యి పట్టుకుని హ్యాండిలు మీద పెట్టి, "గంట జోరుగా కొట్టకు, తాతకి తలనొప్పొస్తాది" అని చెప్పింది. ఆ పిల్ల అర్థం కాక వాళ్ళ నానమ్మ మొహం చూసింది. "వాడుకుంటూ తలుచుకుంటాననాలి" అని నేర్పించింది మా పిల్ల. అనిపించుకుంది కూడా.

ఆ వారం పిల్లకి రాజభోగం. పొద్దున్న ఇడ్లీ ఒకరింట్లో, రాత్రి చేపల పులుసు ఇంకొకరింట్లో. మేడ మీద గదులు ఖాళీ. తల్లీకూతుళ్ళ పెట్టెలు గుమ్మం పక్కన సిద్ధం.

కొత్త అధ్యక్షుడు కుర్చీ ఎక్కిన మర్నాటి పొద్దున టీవీలో చూశాం. ఒకదాని తరువాత ఒకటి కాగితాల మీద సంతకం పెడుతున్నాడు, ఎత్తి అందరికీ చూపిస్తున్నాడు. జనం చప్పట్లు కొడుతున్నారు. వాటిలో ఏది మా మేడ మీదవాళ్ళ కాగితమో మాకు తెలియలేదు. మా ఆయన మాత్రం, "ఇవన్నీ కొత్త బండ్లకే" అని ఇంకోసారి అన్నారు, ఎవరూ అడక్కుండానే.

మర్నాడు మధ్యాహ్నం నేను పప్పు తాలింపు పెడుతున్నాను. ఆ అమ్మాయి ఫోను పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. "టికెట్లు రద్దయ్యాయి ఆంటీ" అంది. అంతే. శరణార్థులెవరినీ రానివ్వొద్దని సంతకం అయిందట. టికెట్లు ఉన్నా సరే, పరీక్షలన్నీ అయినా సరే. ఆవాలు మాడి పొగలొచ్చాక గానీ పొయ్యి ఆపలేదు. వెనక్కి తిరిగి చూస్తే మా ఆయన హాల్లో నిలబడి ఉన్నారు, విన్నారని మొహం చూస్తేనే తెలిసింది.

"దార్లో ఉన్నోళ్ళని కూడానా?" అన్నారు. ఇంకోసారి అదే అన్నారు. తరువాత వెళ్ళి వరండాలో కూర్చున్నారు. ఆ రోజు ఆయన అరుపు వినపడలేదు, ఆ తరువాత చాలా రోజులు కూడా.

సాయంత్రానికి సందుకంతా తెలిసింది. మొదట వదిన వచ్చింది, ఉతికి మడత పెట్టిన దుప్పటి చేత్తో పట్టుకుని. తరువాత బకెట్టు వచ్చింది, ఫ్యాను వచ్చింది. బల్లని ఇద్దరు మోసుకొచ్చారు. తీసుకునేటప్పుడు అనాల్సిన మాట ఉంది మాకు, తిరిగి ఇచ్చేటప్పుడు అనాల్సిన మాట లేదు. ఆ అవసరం మాకు ఎప్పుడూ రాలేదు. వస్తువు కింద పెట్టి, చేతులు పైటకి తుడుచుకుని, "వస్తానమ్మా" అని వెళ్ళిపోయారు. ఆ అమ్మాయి ప్రతిదానికీ "షుక్రియా" అంటూ, ఒక్కొక్కటీ దాని పాత చోట్లోనే పెట్టుకుంది. నేను అప్పటికే కుక్కరుకి కొత్త రబ్బరు వేయించాను. అలాగే తెచ్చి ఇచ్చాను. ఆమె రబ్బరు చూసి నన్ను చూసి, అప్పుడు ఏడ్చింది.

మా ఆయన టోటో, అదే బ్యాటరీ రిక్షా, మాట్లాడుకుని ఖరిదా వెళ్ళి ఎర్ర సైకిల్ కూడా తెచ్చారు. దించగానే పిల్ల బయటికి వచ్చి చూసింది. దగ్గరికి రాలేదు.

"ఎందుకు తెచ్చినావు తాతా?" అంది.

"నీదే కదమ్మా. తొక్కుకో."

"ఇచ్చీసినాం కదేటి! మేం ఎలిపోతన్నాం. నాకు అక్కడ నీలంది ఉన్నాది." గొంతు పెద్దది చేసింది. "తీసుకెళ్ళిపో. నాది కాదిది."

నేను బుజ్జగించబోయాను. వదిన బుజ్జగించబోయింది. తల్లి వాళ్ళ భాషలో ఏదో మెల్లగా చెప్పింది. పిల్ల పళ్ళు బిగించి, సైకిల్‌ని తనే నెట్టుకుంటూ సందు చివరి దాకా తీసుకెళ్ళి, మలుపులో వదిలేసి వచ్చింది. దాని బాధ నాకు అర్థమైంది. దుప్పటి తీసుకున్నా, కుక్కరు తీసుకున్నా, ఇంకా వెళ్ళొచ్చు. సైకిల్ తీసుకుంటే మాత్రం ఇక్కడే ఉండిపోతున్నట్టు. అంత చిన్న బుర్రలో అంత పట్టుదల ఎలా పట్టిందో! మా ఆయన ఆ సైకిల్‌ని అదే టోటోలో తిరిగి ఖరిదాలో దించి వచ్చారు.

తరువాతి రోజులు పేపరు చుట్టూ తిరిగాయి. మా ఆయన పొద్దున్నే కాలేజీ గేటు దగ్గర టీ కొట్టుకి వెళ్ళి, ఉన్న పేపర్లన్నీ తిరగేసి వచ్చేవారు. అక్కడ ఎవరో కోర్టుకి వెళ్ళారట, టికెట్లు చేతిలో ఉన్నవాళ్ళని రానివ్వాలని. ఒక జడ్జి అవునన్నాడు. ఆ రోజు మా ఇంట్లో పాయసం. పై కోర్టు చాలామటుకు కాదంది. ఆ పాయసం గిన్నె ఇంకా తోమకముందే ఆ కబురు వచ్చింది. వేసవిలో వాళ్ళ దేశం వాళ్ళని అసలు రానివ్వకూడదని ఇంకో సంతకం పడింది. ఇక్కడ ప్రేమ్ బజారులో గుడ్లు కొనుక్కుంటున్న మనిషికి, ఎక్కడో బల్ల దగ్గర కూర్చున్న మనిషి పెన్ను ఇంత గట్టిగా గుచ్చుకుంటుందని నేను అంతకు ముందు ఎప్పుడూ అనుకోలేదు. కోపం వచ్చేది నాకు. ఎవరిని తిట్టాలో తెలియక మా ఆయన్ని తిట్టేదాన్ని. ఆయన పడేవారు.

ఒక ఆదివారం ఆ అమ్మాయి నా పక్కన కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తూ మెల్లగా చెప్పింది. భర్త అక్కడ వలస వచ్చినవాళ్ళ కాగితాలు చూసే ఆఫీసుకి వెళ్ళి వీళ్ళ సంగతి అడుగుతానన్నాడట. వద్దని ఈమె ఏడ్చి ఆపిందట. అతనికి తెలిసిన ఒకతను, అమెరికాకి దక్షిణాన ఆ పెద్ద గోడ ఉన్న సరిహద్దు మీదుగా వచ్చినవాడు, మామూలుగా హాజరు వేయించుకోవడానికి అలాంటి ఆఫీసుకే వెళ్తే అక్కడికక్కడే పట్టుకుని నిర్బంధంలో పెట్టారు. ఎక్కడో ఎడారిలో కంచెల మధ్య. ఇంటివాళ్ళకి ఎక్కడున్నాడో తెలియడానికే చాలా రోజులు పట్టింది. "ఈయన కాగితాలు వేరు, ఈయనకి ఏమీ కాదంటున్నారు. కానీ నిరుడు మాకూ ఏమీ కాదన్నారు కదా ఆంటీ" అంది. ఆ మాట అన్నది మా ఇంట్లోనే. మా ఆయన పక్క గదిలో ఉన్నారు, విన్నారు కూడా.

ఆదివారం ఫోన్లు మాత్రం ఆగలేదు. గోడకి ఆనుకుని ఎత్తు కొలవడం, అక్కడ సీటు ఎత్తడం. బయట సందులో పిల్లలు సైకిళ్ళు తొక్కుతుంటే ఇది మెట్ల మీద కూర్చుని చూసేది. ఎవరైనా తమది ఇస్తామన్నా దిగేది కాదు. "నాది నీలంది. అక్కడ తొక్కుతాను" అనేది. ఒక వాన వెళ్ళింది, ఒక క్రిస్మస్ వెళ్ళింది. తల్లి చదువు అయిపోయింది, గైడు ఏదో ప్రాజెక్టులో పని ఇచ్చి నిలబెట్టాడు. పిల్ల పై పళ్ళు రెండు ఊడి మళ్ళీ వచ్చాయి.

ఈ మధ్యే ఒక శనివారం. నేను గార్డు గారి కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు కోస్తున్నాను. పిల్ల వచ్చి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వంకాయ ముక్కలు నీళ్ళలోకి ఒక్కొక్కటే వేస్తూ, నా వైపు చూడకుండా అడిగింది.

"అమ్మమ్మా, ఖరిదాలో ఆ ఎర్ర సైకిల్ ఇంకా ఉన్నాదేటి?"

"ఉన్నాదమ్మా."

"ఆ పిల్ల తొక్కుతాందేటి?"

"దానికి పెద్దది కొన్నారట. ఊరికే ఉన్నాది."

ఇంకో ముక్క నీళ్ళలో వేసింది. "ఇచ్చీసింది తిరిగి అడగొచ్చేటి?"

ఇన్నాళ్ళూ తీసుకో తీసుకో అని బతిమాలింది నేనే. ఆ మాట దాని నోట విన్నాక మాత్రం, అడక్కే తల్లీ, ఇంకొన్నాళ్ళు మొండికెయ్యి అని అరవాలనిపించింది. అరవలేదు. "అడగొచ్చు" అన్నాను. లేచి పెరట్లోకి పోయి, పంపు విప్పి, మొహం కడుక్కున్నాను.

మా ఆయన మళ్ళీ టోటోలో వెళ్ళారు. తెచ్చిన సైకిల్ దానికి చిన్నదైపోయింది. ఆయన స్పానరు పట్టుకుని సీటు ఎంత ఎత్తగలరో అంతా ఎత్తారు. అయినా తొక్కుతుంటే మోకాళ్ళు హ్యాండిలుకి తగులుతున్నాయి. పిల్ల మోకాళ్ళు పక్కలకి పెట్టుకుని సందు చివరి దాకా వెళ్ళి వచ్చింది, గంట కొట్టకుండా. వదిన గుమ్మంలో నిలబడి ఉంది.

మర్నాడు ఆదివారం. తండ్రి ఫోను వచ్చే వేళకి పిల్ల గబగబా వచ్చి సైకిల్‌ని వరండాలోంచి లాక్కెళ్ళి మా నీళ్ళ డ్రమ్ము వెనక పెట్టింది. దాని మీద నా పాత చీర ఒకటి కప్పింది. మా ఇద్దరి దగ్గరికీ వచ్చి, తల్లికి వినపడకుండా చెప్పింది.

"నాన్నకి సెప్పొద్దు. ఇది తీసుకున్నానని తెలిస్తే, మేం ఇంక రాం అనుకుంటాడు."

మా ఆయన తల ఊపారు. నేను కూడా.

ఫోను మోగింది. పిల్ల గోడకి ఆనుకుని, మడమలు ఆనించి, గడ్డం ఎత్తి నిలబడింది. తల్లి ఎత్తు చెప్పింది. అక్కడ మంచు ఊళ్ళో తండ్రి నీలం సైకిల్ పక్కన కూర్చుని, సీటు ఎత్తి, ఇంత చాలా అన్నట్టు చెయ్యి పెట్టి చూపించాడు. వాళ్ళ భాష నాకు రాదు. కానీ పిల్ల తన మోకాళ్ళ వైపు ఒకసారి చూసుకుని, అరచెయ్యి పైకి పైకి ఎత్తి చూపిస్తూ ఏమందో నాకు అర్థమైంది. ఇంకొంచెం ఎత్తు నాన్నా అంది, ఇంకొంచెం.